సముద్రంలోకి ఎంత వదలొచ్చు? ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

2023 ఆగస్టు 24న జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ట్యాంకుల్లో ఏళ్ళ తరబడి పేరుకుపోయిన నీటిని శుద్ధి చేసి, పలచన చేసి పసిఫిక్‌లోకి వదలడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో వార్తల్లో మూడు అంకెలు తెగ తిరిగాయి. ఎంత శుద్ధి చేసినా పోని ట్రిటియం (హైడ్రోజన్‌కు రేడియోధార్మిక రూపం), బయటికి వదిలే నీటిలో లీటరుకు 60,000 బెకెరల్స్ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) వరకు ఉండొచ్చని జపాన్ నిబంధన. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శక విలువ 10,000. ఫుకుషిమా నీటికి పెట్టుకున్న హద్దు మాత్రం 1,500.

తాగే నీళ్ళకన్నా సముద్రంలో పారబోసే నీళ్ళకు కఠినమైన హద్దు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే సముద్ర కాలుష్య నియంత్రణలో సగం చిక్కుముడి విడిపోయినట్టే. 60,000 వెనక ఒక లెక్క ఉంది. పుట్టినప్పటి నుంచి 70 ఏళ్ళు వచ్చేదాకా రోజుకు రెండు లీటర్ల చొప్పున ఆ నీళ్ళే తాగిన మనిషికి ఏడాదికి సగటున 1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే యూనిట్) రేడియేషన్ తగిలే గాఢత అది. 1,500ను ఈ నీటి కోసం అలా కొత్తగా లెక్క కట్టలేదు. ఆ కేంద్రం చుట్టుపక్కల తోడే భూగర్భ జలాలను సముద్రంలోకి వదిలేటప్పుడు అప్పటికే పాటిస్తున్న హద్దు అది. జనం భయం తగ్గాలని దాన్నే ఇక్కడికీ తెచ్చారు. మొదటిది ఆరోగ్యం లెక్క, రెండోది నమ్మకం లెక్క. రెండూ ఒకే యూనిట్లలో ఉండేసరికి చూసేవాళ్ళకు రెండూ సైన్సులాగే కనిపిస్తాయి.

తీరప్రాంత జలాల్లోకి వ్యర్థాలు వదిలే ప్రతి పర్మిట్‌లోనూ ఈ కలగలుపు ఉంటుంది. వదిలింది ఎటు పోతుంది, దేనికి తగులుతుంది, ఎంత హాని చేస్తుంది అన్నవి సైంటిస్టులు చెప్పాల్సిన సంగతులు. అంత హాని మనకు సమ్మతమేనా అన్నది వాళ్ళొక్కళ్ళే తేల్చగలిగేది కాదు. ఐక్యరాజ్య సమితి సంస్థలకు సముద్ర కాలుష్యం మీద సలహా ఇవ్వడానికి 1969లో ఏర్పడిన గెసాంప్ అనే నిపుణుల బృందం ఈ తేడాను తన నిర్వచనంలోనే పెట్టింది. సముద్రంలో ఒక పదార్థం కనిపించినంత మాత్రాన దాన్ని కాలుష్యం అనరు. దానివల్ల జీవులకో, మనుషుల ఆరోగ్యానికో, చేపల వేటలాంటి పనులకో చెరుపు జరిగితేనే అంటారు. 1986లో ఇదే బృందం ‘పర్యావరణ సామర్థ్యం’ అనే పద్ధతిని వివరంగా రాసింది: చెరుపు జరగకుండా ఒక అఖాతం ఎంత భారం తట్టుకోగలదో అంచనా కట్టి, అందులోంచి వెనక్కి లెక్కేసుకుంటూ పైపు దగ్గర ఎంత వదలొచ్చో తేల్చడం. వినడానికి బాగుంటుంది. ‘చెరుపు’ అంటే ఏమిటో ముందే ఒప్పుకోకపోతే ఆ లెక్క మొదలే కాదన్నది ఇందులో అంతగా కనబడని సంగతి.

ముందు పైపు దగ్గర జరిగేది చూద్దాం. శుద్ధి చేసిన మురుగునీరు ఉప్పునీటికన్నా తేలిక. సముద్రం అడుగున పైపు చివర వరసగా చిన్న చిన్న రంధ్రాలు పెడతారు. వాటిలోంచి చిమ్మిన నీరు పైకి లేస్తూ చుట్టూ ఉన్న సముద్రపు నీటిని తనలోకి లాక్కుంటుంది. కొద్ది నిమిషాల్లోనే వంద రెట్లు పలచబడటం మామూలే. వేసవిలో కథ మారుతుంది. పైన వెచ్చటి నీటి పొర, కింద చల్లటి పొర ఏర్పడితే లేచే నీరు మధ్యలోనే ఆగిపోతుంది. ఒడ్డున స్నానం చేసేవాళ్ళకు అది మంచిదే, మురుగు పైకి రాదు. కానీ ఎండ తగలక అందులోని బ్యాక్టీరియా ఎక్కువకాలం బతుకుతుంది. ఎండలో కొన్ని గంటల్లో నూటికి తొంభై వంతులు చచ్చే సూక్ష్మజీవులకు చీకట్లో, బురద నీళ్ళలో రోజులు పడుతుంది. సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసే నిర్లవణీకరణ ప్లాంట్ల నుంచి వచ్చే చిక్కటి ఉప్పునీరు దీనికి పూర్తి వ్యతిరేకం. అది బరువెక్కువ, అడుగున పాకుతూ పోతుంది. అందుకే కాలిఫోర్నియా 2015లో పెట్టిన నియమం ప్రకారం, వదిలే చోటి నుంచి వంద మీటర్లు దాటాక లవణీయత సహజ స్థాయికన్నా వెయ్యికి రెండు పాళ్ళకు మించి పెరగకూడదు. ఆ వంద మీటర్ల లోపల? అక్కడ పెరిగినా ఊరుకుంటారు. దాన్నే ‘మిక్సింగ్ జోన్’ అంటారు. సముద్రంలో ఒక ముక్కను వదిలేసుకుంటున్నామని చట్టం మర్యాదగా చెప్పడమే అది. ఆ ముక్క ఎంత పెద్దదన్న దగ్గర ప్రకృతి శాస్త్రం సాయం కొంతవరకే.

ఈ నీటి కదలికల అంచనా తప్పితే ఏమవుతుందో కెనడాలోని వాంకూవర్ దీవిలో చూశారు. అక్కడి ఐలాండ్ కాపర్ గని 1971 నుంచి 1995 దాకా తన రాతిపొడిని పక్కనే ఉన్న రూపర్ట్ ఇన్‌లెట్ అనే లోతైన ఇరుకు అఖాతం అడుగుకు పైపుతో పంపింది. బరువైన పొడి కాబట్టి అడుగునే పడి ఉంటుందనుకున్నారు. ఒక ఇరుకు సందులోంచి దూసుకొచ్చే ఆటుపోట్ల నీరు అడుగును కెలికి ఆ పొడిని పైదాకా తెచ్చేసింది.

అయితే నా దృష్టిలో నీరు ఎటు పోతుందన్నదానికన్నా చివరికి అది ఎవరి కంచంలోకి వస్తుందన్నదే అసలు ప్రశ్న. దీన్ని తొలినాళ్ళలోనే పద్ధతిగా అడిగింది బ్రిటన్‌లో విండ్‌స్కేల్ అణు కేంద్రం దగ్గర. ఇప్పుడు దాన్ని సెలాఫీల్డ్ అంటారు. 1950లలో ఆ కేంద్రం పైపు ద్వారా ఐరిష్ సముద్రంలోకి రేడియోధార్మిక ద్రవాలను వదలడం మొదలుపెట్టినప్పుడు, కొన్నిటిని కావాలనే వదిలి చేపల్లో, ఇసుకలో, నాచులో ఎక్కడ చేరుతున్నాయో కొలిచారు. జనాభా సగటు చూసి ఉంటే ఎక్కడా ఏమీ కనిపించేది కాదు. కానీ ఆ తీరంలో పోర్‌ఫైరా అనే ఎర్ర నాచును కొద్దిమంది ఏరి, రైల్లో దక్షిణ వేల్స్‌కు పంపేవాళ్ళు. అక్కడ దాన్ని ఉడికించి ‘లేవర్‌బ్రెడ్’ అని తింటారు. ఆ నాచు రుథీనియం-106 అనే రేడియోధార్మిక లోహాన్ని బాగా పట్టి ఉంచుతుంది. కాబట్టి పైపులోంచి ఎంత రుథీనియం వదలొచ్చన్నది, ఎక్కడో దూరాన వేల్స్‌లో లేవర్‌బ్రెడ్‌ను అందరికన్నా ఎక్కువగా తినే కొద్దిమంది తిండి మీద ఆధారపడింది. రోజుకు ఎన్ని గ్రాములు తింటారని వాళ్ళను వెతికి పట్టుకుని మరీ అడిగారు. దీనికి ‘క్రిటికల్ గ్రూప్’ పద్ధతి అని పేరు వచ్చింది. ఆ కొద్దిమందికి ప్రమాదం లేకపోతే మిగతావాళ్ళకూ లేనట్టే అన్నది దీని తర్కం.

చాలా తెలివైన పద్ధతి. దీనికీ లొసుగులున్నాయి. జనం అలవాట్లు మారతాయి. 1970లలో ఆ తీరం నుంచి వేల్స్‌కు నాచు పంపడం ఆగిపోయేసరికి, ఎక్కువ ముప్పున్నవాళ్ళుగా స్థానిక చేపలు తినేవాళ్ళు లెక్కలోకి వచ్చారు. అందుకే అక్కడ ఇప్పటికీ ఎవరు ఏం తింటున్నారని సర్వేలు చేస్తూనే ఉంటారు. రెండో లొసుగు సముద్రం అడుగున ఉంది. ప్లుటోనియం లాంటివి బురదకు అంటుకుని అక్కడే ఉండిపోతాయని మొదట్లో లెక్క కట్టారు. పైపు నుంచి వచ్చేది బాగా తగ్గించాక, పాత బురదే నెమ్మదిగా నీటిలోకి తిరిగి వదలడం మొదలుపెట్టింది. దాచిన చోటే తర్వాత ఊట అయింది. మూడోది ఇంకా చిక్కైనది. 1990లలో అదే కేంద్రం నుంచి టెక్నీషియం-99 అనే మరో రేడియోధార్మిక లోహం ఎక్కువగా వచ్చి ఎండ్రరొయ్యల్లో (లాబ్‌స్టర్లలో) పేరుకుంది. వాటిని తిన్నవాళ్ళకు తగిలే రేడియేషన్ హద్దులోపే ఉంది. అయినా తమ తీరానికీ చేరుతోందని నార్వే గట్టిగా అభ్యంతరం చెప్పింది. లెక్క ప్రకారం ముప్పు తక్కువన్న మాటా నిజమే, మా సముద్రంలోకి మీ వ్యర్థం ఎందుకన్న మాటా న్యాయమే. క్రిటికల్ గ్రూప్ లెక్క మొదటిదానికి జవాబు చెబుతుంది, రెండోదాన్ని అసలు అడగదు. చివరికి 2004 నుంచి టెక్నీషియంను సముద్రానికి పంపకుండా వేరు చేయడం మొదలుపెట్టారు.

పలచన చేయడం మీద నమ్మకం పూర్తిగా కూలిపోయిన చోటు మినమాటా. జపాన్‌లోని ఆ ఊళ్ళో వింత నరాల జబ్బును 1956 మేలో అధికారికంగా గుర్తించారు. చిస్సో రసాయన కర్మాగారం వ్యర్థాల మీద అనుమానాలు మొదలయ్యాక, 1958లో కంపెనీ వ్యర్థం వదిలే చోటును రేవు నుంచి మినమాటా నది ముఖద్వారానికి మార్చింది. కొద్ది నెలల్లో అటువైపు తీరంలో కొత్త రోగులు కనిపించారు. ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఏ సైంటిస్టూ కోరుకోడు. 1959 జూలైలో కుమమోటో విశ్వవిద్యాలయం బృందం సేంద్రియ పాదరసమే కారణమని చెప్పింది. అదే ఏడాది కంపెనీ ఆసుపత్రి వైద్యుడు హొసొకావా కర్మాగారం వ్యర్థాన్ని పిల్లికి తినిపించి చూస్తే దానికీ అదే జబ్బు వచ్చింది. ఆ ఫలితాన్ని కంపెనీ బయటికి రానివ్వలేదు. డిసెంబరులో శుద్ధి యంత్రం ఒకటి పెట్టి, ప్రారంభోత్సవంలో కంపెనీ అధ్యక్షుడు అందులోంచి వచ్చిన నీళ్ళంటూ ఒక గ్లాసెడు తాగి చూపించాడు. ఆ యంత్రం సేంద్రియ పాదరసాన్ని తీసేది కాదు, ఆ గ్లాసులోవి అసలు వ్యర్థజలాలూ కావు. పాదరసం వదలడం ఆగింది 1968లో.

మినమాటాలో సలహా కొరత లేదు. వినాల్సినవాళ్ళ చేతిలోనే సాక్ష్యం కూడా ఉండటం అక్కడి రోగం. శాస్త్రపరంగా చూస్తే, అక్కడి సేంద్రియ పాదరసం, అంటే మిథైల్ పాదరసం, నీటిలో ఎంత పలచబడినా ఆహార గొలుసులో మెట్టు మెట్టుకూ మళ్ళీ చిక్కబడుతుంది. పెద్ద చేపలో చేరేసరికి నీటిలోకన్నా లక్షల రెట్లు ఉంటుంది. ఇలాంటి పదార్థాలకు లీటరుకు ఇంత అన్న హద్దు అర్థం లేనిది. మొత్తం ఎంత పోయింది, చేపలో ఎంతుంది అన్నవే చూడాలి.

చేపలో, నత్తలో ఏది చూడాలన్నదీ తేలికైన ప్రశ్న కాదు. ప్రయోగశాలలో మామూలుగా చేసేది, ఎంత గాఢతలో సగం జీవులు చస్తాయో చూడటం. పడవల అడుగుకు నాచు, గవ్వలు పట్టకుండా పూసే ట్రైబ్యూటైల్ టిన్ రంగు విషయంలో ఈ పద్ధతి బోర్లా పడింది. ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పిల్లలు బతకడం మానేశాయి, పెద్దవాటి చిప్పలు వికారంగా మందమెక్కాయి. ఇంగ్లండ్ తీరంలో ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచి గుడ్లు పెట్టలేని స్థితికి వచ్చాయి. ఆ మార్పు మొదలవడానికి లీటరు నీటిలో ఒక నానోగ్రాము, అంటే గ్రాములో వందకోట్లో వంతు చాలు. ఆ నత్తలు వెంటనే చావలేదు, జాతి మాత్రం మాయమవుతూ వచ్చింది. ఫ్రాన్స్ 1982లో చిన్న పడవల మీద ఈ రంగును నిషేధించింది, బ్రిటన్ 1987లో. ప్రపంచవ్యాప్త ఒప్పందం అమల్లోకి వచ్చేసరికి 2008 అయింది.

ఇలాంటి ఆశ్చర్యాల భయంతోనే నిపుణులు ప్రయోగశాల అంకెను ఒక భద్రతా భాజకంతో భాగిస్తారు. ఐరోపా మార్గదర్శకాల్లో, కేవలం మూడు రకాల జీవుల మీద స్వల్పకాలిక పరీక్షలు మాత్రమే ఉన్న రసాయనానికి సముద్రంలో ఆ భాజకం 10,000. దీర్ఘకాలిక పరీక్షలు, సముద్ర జీవుల మీద పరీక్షలు చేర్చినకొద్దీ అది 10 దాకా తగ్గుతుంది. 10,000 అన్న గుండ్రటి అంకెను ఏ నత్తా, ఏ చేపా చెప్పలేదు. ‘మాకింకా సరిగా తెలియదు’ అన్న మాటను అంకెల్లో రాసుకున్నారంతే. దీని బాగు ఏమిటంటే, పరీక్షలు చేయించే ఖర్చు కంపెనీ పెట్టుకుంటే హద్దు సడలుతుంది. తెలియనితనానికి వెల కట్టినట్టన్నమాట.

నిఘా దగ్గరికి వచ్చేసరికి ఎక్కువమంది పడే గుంట ఇంకొకటుంది: ‘ప్రభావం ఉన్నట్టు ఆధారాలు లేవు’ అనే వాక్యం. ఒక అఖాతంలో చేపల సంఖ్య ఏటేటా సహజంగానే సగానికి సగం పెరుగుతూ తరుగుతూ ఉంటుందనుకుందాం. ఏడాదికి రెండుసార్లు నమూనాలు తీసే సర్వేకు పది శాతం తగ్గుదల కనిపించదు. అక్కడ ‘తేడా కనబడలేదు’ అంటే వల కన్నాలు పెద్దవని అర్థం, చేపలు క్షేమమని కాదు. మంచి నివేదికలో ‘తేడా లేదు’ అన్న మాట పక్కనే, తేడా ఎంతుంటే మా సర్వేకు దొరికేదో కూడా రాస్తారు. అది లేని నివేదికను నేనైతే పక్కన పెడతాను.

ఈ పనిని ముందుచూపుతో చేసిన చోటు అమెరికాలోని బాస్టన్. ఆ నగరం మురుగంతా దశాబ్దాలపాటు సొంత రేవులోకే పోయేది. కోర్టు కేసుల తర్వాత డీర్ ఐలాండ్‌లో పెద్ద శుద్ధి ప్లాంటు కట్టి, సుమారు 15 కిలోమీటర్ల సొరంగంతో మసాచుసెట్స్ అఖాతంలోకి తీసుకెళ్ళి, చివర్లో 55 గొట్టాల ద్వారా అడుగున వదిలేలా ఏర్పాటు చేశారు. 2000 సెప్టెంబరులో అది మొదలైంది. అంతకుముందు ఆ అఖాతానికి దక్షిణపు ఒడ్డున ఉన్న కేప్ కాడ్ వైపు జనం గోల చేశారు: మీ రేవు బాగుపడటానికి మా అఖాతాన్ని, అక్కడికొచ్చే అరుదైన రైట్ తిమింగలాలను బలిపెడతారా అని. వాళ్ళను ఒప్పించింది ఏ ఒక్క నివేదికో కాదు, ఒక ఏర్పాటు. పైపు తెరవడానికి ఎనిమిదేళ్ళ ముందు, 1992 నుంచే అఖాతంలో కొలతలు మొదలుపెట్టారు. నీటిలో ఆక్సిజన్, నాచు, చేపల కాలేయంలో మచ్చలు... ఒక్కోదానికి ‘జాగ్రత్త’ స్థాయి ఒకటి, ‘హెచ్చరిక’ స్థాయి ఒకటి ముందే రాసుకున్నారు. అది దాటితే ఎవరు ఏం చేయాలో కూడా రాసుకున్నారు. ఆ ఫలితాలు చూసి నియంత్రణ సంస్థలకు సలహా ఇవ్వడానికి స్వతంత్ర సైంటిస్టుల మండలి ఒకటి పెట్టారు, దాని సమావేశాలు బహిరంగంగా జరిగేలా చూశారు.

2005లో విషపు నాచు విపరీతంగా పెరిగి హద్దు దాటింది. పైపే కారణమని గోల మొదలవ్వాల్సిన సందర్భం. ముందునాటి కొలతలు ఉండబట్టి, అది ఉత్తరాన మెయిన్ తీరం నుంచి తుపాను గాలులతో కొట్టుకొచ్చిందని, పైపు పాత్ర ఉన్నా స్వల్పమని చూపించగలిగారు. హద్దు దాటడం అంటే దోషం రుజువైందని కాదు, విచారణ మొదలైందని. ఈ ముక్క పర్మిట్లో ముందే రాసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

స్నానపు తీరాల సంగతి కొంచెం వేరు, ఇక్కడ మనుషుల మీదే ప్రయోగం చేశారు. నీళ్ళు చూడటానికి అసహ్యంగా ఉంటే తప్ప జబ్బు ముప్పు పెద్దగా లేదని బ్రిటన్‌లో 1959 నాటి ఒక అధికారిక నివేదిక తేల్చేసింది. 1989 నుంచి 1992 దాకా నాలుగు వేసవుల్లో, నాలుగు బీచ్‌లలో ఆ మాటను పరీక్షించారు. స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఒడ్డునే ఉండాలి. రెండో జట్టు కనీసం పది నిమిషాలు నీళ్ళలో ఉండి, మూడుసార్లు తల ముంచాలి. అరగంటకోసారి నీటి నమూనాలు తీశారు. ఛాతీ లోతులో తీసిన నీటిలో మలసంబంధ స్ట్రెప్టోకాకై అనే బ్యాక్టీరియా ఎంత పెరిగితే కడుపు జబ్బులు అంత పెరిగాయి. వంద మిల్లీలీటర్లకు ముప్పై పైచిలుకు దగ్గరే ఆ పెరుగుదల మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత ఇచ్చిన ప్రమాణాలకు ఈ పరిశోధనే ముఖ్య ఆధారం. ఒక ఇబ్బంది మాత్రం అలాగే ఉంది. మామూలు ల్యాబ్ పరీక్షకు ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి, బీచ్ బోర్డు మీద కనిపించేది ఎప్పుడూ పాత కబురే. అందుకే చాలాచోట్ల వర్షం, గాలి, ఆటుపోట్లు చూసి ముందే అంచనా కట్టి హెచ్చరిస్తున్నారు.

ఓడల నుంచి పారబోసే వ్యర్థాలకు దారి వేరు. అంతర్జాతీయ ఒప్పందాల గురించి చదివేటప్పుడు చాలామంది ఇక్కడ తికమకపడతారు. 1972 నాటి లండన్ ఒప్పందం పైపులకు వర్తించదు, ఓడల్లో తీసుకెళ్ళి పడేసే వాటికే. అది కొన్నిటిని నిషేధించి మిగతావాటికి పర్మిట్ ఇచ్చేది. 1996 ప్రొటోకాల్ దాన్ని తిరగేసింది. అన్నీ నిషేధం, జాబితాలో ఉన్న కొన్నిటికి మాత్రం పరీక్షలు చేసి అనుమతి. రేవుల్లో తీసే పూడికమట్టి అందులో అన్నిటికన్నా పెద్ద వాటా. మురుగు శుద్ధిలో మిగిలే బురదను 2022లో ఆ జాబితా నుంచి తీసేయాలని తీర్మానించారు. నిరూపించే భారం ఇలా చేతులు మారడం ఏ ఒక్క ప్రయోగ ఫలితమూ కాదు, ముందుజాగ్రత్త వైపు మొగ్గిన నిర్ణయం.

కెనడాలోని విక్టోరియా నగరంలో సైంటిస్టులు సైంటిస్టులతోనే తలపడ్డారు. ఆ నగరం దశాబ్దాలపాటు తన మురుగును జల్లెడ పట్టి నేరుగా జువాన్ డి ఫ్యూకా జలసంధిలోకి వదిలేది. అక్కడ ప్రవాహాలు ఉధృతం, నీరు చల్లన, ఆక్సిజన్‌కు కొదవ లేదు. ప్లాంటు కడితే సముద్రానికి ఒరిగేది స్వల్పమని, ఆ డబ్బు వేరే చోట పెట్టడం మేలని కొందరు సముద్ర శాస్త్రవేత్తలు గట్టిగానే వాదించారు. 2006లో వేసిన నిపుణుల కమిటీ మాత్రం ప్రవాహాల మీద ఆధారపడటం దీర్ఘకాలిక పరిష్కారం కాదంది. 2020 చివర్లో శుద్ధి ప్లాంటు పని మొదలుపెట్టింది. రెండు వర్గాల చేతిలోనూ ఉన్నవి దాదాపు అవే కొలతలు. ఇప్పటికి కనిపించని హానిని ఎలా చూడాలన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

సలహా ఇచ్చేవాళ్ళకు జీతం ఎవరిస్తారన్న ప్రశ్నా తప్పదు. కొలతలు చేయించే ఖర్చు మామూలుగా వ్యర్థం వదిలేవాళ్ళదే, వాళ్ళ కన్సల్టెంట్లే నివేదిక రాస్తారు. దక్షిణ కాలిఫోర్నియాలో 1969 నుంచి ఒక ఉమ్మడి పరిశోధన సంస్థ ఉంది. అందులో మురుగు వదిలే సంస్థలూ, వాటిని నియంత్రించే సంస్థలూ కలిసి సభ్యులు. ఒకే పద్ధతిలో నమూనాలు తీయడం, అన్ని ల్యాబ్‌లూ ఒకే నమూనాను కొలిచి సరిచూసుకోవడం అక్కడ అలవాటైంది. కనీసం అంకెల మీద తగువు ఉండదు.

ఇక జపాన్‌లోనే సెటో అంతర్గత సముద్రం కథ, సముద్రం ఎంత శుభ్రంగా ఉంటే అంత మంచిదన్న నమ్మకాన్ని కదిపేది. 1972లో అక్కడ ఎర్ర నాచు (నీటిని ఎర్రబరిచే సూక్ష్మ నాచు, ‘రెడ్ టైడ్’) విజృంభించి పెంపకపు ఎల్లోటెయిల్ చేపలు కోటికి పైగా చచ్చాయి. మరుసటి ఏడాదే ప్రత్యేక చట్టం తెచ్చి, నాచుకు పోషకాలైన నైట్రోజన్, ఫాస్ఫరస్‌ల విడుదలను క్రమంగా బిగించారు. నీళ్ళు తేటపడ్డాయి. తర్వాత, తినడానికి పెంచే నోరి నాచు రంగు వెలిసిపోవడం, చేపలు తగ్గడం మొదలైంది. పోషకాలు మరీ తగ్గిపోయాయని మత్స్యకారులు పట్టుబట్టారు. నీళ్ళు వేడెక్కడం, బురద మైదానాలు పూడ్చేయడం కూడా కారణాలేనని, అంతా నైట్రోజన్ మీద తోసేయలేమని కొందరు పరిశోధకులు అంటున్నారు. 2021లో చట్టాన్ని సవరించి, పోషకాలను ప్రాంతాన్ని బట్టి సర్దుకునే వీలు స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చారు. నోరి పెరిగే చలికాలంలో కొన్ని మురుగు శుద్ధి ప్లాంట్లు నైట్రోజన్‌ను కావాలనే తక్కువగా తీసేస్తాయి, ఎర్ర నాచు భయం ఉండే వేసవిలో మళ్ళీ బిగిస్తాయి. ఆ పెంచిన నైట్రోజన్ ఏ తీరం దాకా చేరుతోంది, నోరి రంగులో తేడా వచ్చిందా అన్నది కొలుస్తూ ప్రణాళికలను సవరించుకోవాల్సి ఉంటుంది.